2 వాట్లు, 50,000 వాట్లు, మళ్లీ 100 లోపు: రైస్ విద్యార్థుల రేడియో కథ

అమెరికా కాలేజీ రేడియో చరిత్ర అనగానే అందరూ పాటల గురించే రాస్తారు. ఏ బ్యాండును ముందుగా ఎవరు వినిపించారు, ఏ డీజే తర్వాత పేరు తెచ్చుకున్నాడు, ఇవీ కబుర్లు. ఈ పోస్టులో అవి దొరకవు. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ విద్యార్థులు నడిపే కేటీఆర్‌యూ అనే స్టేషన్‌ను తీసుకుని రెండే ప్రశ్నలు వేస్తాను. సిగ్నల్ ఎంత దూరం పోయింది? లైసెన్సు కాగితం మీద ఎవరి పేరుంది? ఈ స్టేషన్‌కు మంచైనా చెడైనా ఈ రెంటి వల్లే జరిగింది.

మొదలు మాత్రం రైస్‌లో కాదు. 1936లో ప్రావిడెన్స్ నగరంలోని బ్రౌన్ యూనివర్సిటీలో జార్జ్ ఏబ్రహామ్, డేవిడ్ బోర్స్ట్ అనే ఇద్దరు విద్యార్థులు హాస్టల్ గదుల మధ్య తీగలు లాగి బ్రౌన్ నెట్‌వర్క్ పెట్టారు. 1940లో ఇలాంటి స్టేషన్లకు ఇంటర్‌కాలేజియేట్ బ్రాడ్‌కాస్టింగ్ సిస్టమ్ అనే సంఘం ఏర్పడింది. దాని వెనక ఉన్నదీ ఈ ఇద్దరే. ఆ తర్వాత ముప్పై ఏళ్లపాటు అమెరికా క్యాంపస్‌లలో బాగా నడిచిన పద్ధతి క్యారియర్ కరెంట్. ఇది అర్థమైతే మిగతా చరిత్ర సగం అర్థమైనట్టే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

క్యారియర్ కరెంట్‌లో యాంటెన్నా ఉండదు. కొన్ని వాట్ల ఏఎం ట్రాన్స్‌మిటర్ సిగ్నల్‌ను నేరుగా భవనం కరెంటు వైరింగులోకి ఎక్కిస్తారు. గోడల్లోని తీగలే యాంటెన్నా పని చేస్తాయి. 60 హెర్ట్జ్ మెయిన్స్ కరెంటు తిరిగి ట్రాన్స్‌మిటర్ మీద పడకుండా మధ్యలో కెపాసిటర్ పెడతారు. ఉదాహరణకు 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్ తీసుకోండి. 60 హెర్ట్జ్ దగ్గర అది సుమారు 265 కిలో ఓములు అడ్డుపడుతుంది, అంటే దాదాపు మూసిన తలుపే. 600 కిలోహెర్ట్జ్ దగ్గర అదే కెపాసిటర్ 26.5 ఓములే. పాట లోపలికి పోతుంది, కరెంటు బయటికి రాదు. కెపాసిటర్ తప్పనిసరిగా మెయిన్స్‌కు తగిన రకం అయి ఉండాలి, ముందు ఫ్యూజు ఉండాలి. మామూలు కెపాసిటర్ పెడితే అది షార్టయిన రోజున ట్రాన్స్‌మిటర్ పెట్టె మొత్తానికి కరెంటు వస్తుంది.

చిక్కులు చాలానే ఉన్నాయి. వీధి ట్రాన్స్‌ఫార్మర్ రేడియో ఫ్రీక్వెన్సీని దాటనివ్వదు. అందుకని ఒక్కో భవనానికి ఒక్కో చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి, స్టూడియో నుంచి వాటికి టెలిఫోన్ జత తీగల మీద ఆడియో పంపేవాళ్లు. ట్యూబులైట్లు వెలిగితే గరగర. సాయంత్రం అందరూ ఒకేసారి దీపాలు, ఫ్యాన్లు వేస్తే లోడు మారి ట్యూనింగు చెడేది. అన్నిటికన్నా విసిగించేది ఒక రకం గుయ్యిమనే హమ్. స్టేషన్ పెట్టినప్పుడే వినిపిస్తుంది, డయల్ పక్కకు తిప్పితే మాయం. స్టూడియోలో ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే తప్పు అక్కడ లేదు. వినేవాడి రేడియోలో ఏసీ కరెంటును డీసీగా మార్చే రెక్టిఫయర్ డయోడ్లు సెకనుకు 120 సార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ, తీగల్లో వచ్చే సిగ్నల్‌ను కూడా అదే లెక్కన కోసేస్తాయి. ఆ డయోడ్లకు అడ్డంగా చిన్న కెపాసిటర్లు అతికితే పోతుంది. కానీ హాస్టల్లో ప్రతి సెట్టునూ ఎవరు విప్పుతారు? సిగ్నల్‌ను వైరింగులో ఇంకో చోట ఎక్కించి చూడటమే అప్పటి మందు.

లైసెన్సు అక్కర్లేకపోవడమే దీనిలోని గొప్ప సౌకర్యం. దానికి బదులు దూరం మీద కట్టడి. నియమం ఇలా ఉండేది: 157,000ను కిలోహెర్ట్జ్‌లలో ఉన్న ఫ్రీక్వెన్సీతో భాగించండి. వచ్చిన అన్ని అడుగుల దూరంలో సిగ్నల్ మీటరుకు 15 మైక్రోవోల్టులు మించకూడదు. 640 కిలోహెర్ట్జ్ దగ్గర లెక్క కడితే 245 అడుగులు, అంటే 75 మీటర్లు. రోడ్డు దాటితే స్టేషన్ లేనట్టే.

రైస్‌లో 1967 ఫిబ్రవరిలో మొదలైంది సరిగ్గా ఈ కొలతలోని వ్యవహారమే. అక్కడ కాలేజీ అంటే విద్యార్థులు ఉండే నివాస సముదాయం. హాన్‌జెన్ కాలేజీ పాత భాగంలో గదులకు బజర్లు ఉండేవి. ఆ బజర్ తీగలనే వాడుకుని 2 వాట్ల ఏఎం స్టేషన్ పెట్టారు, పేరు కేహెచ్‌సీఆర్. మరో తీగ లాగే ఖర్చు లేదు, అనుమతీ అక్కర్లేదు. తర్వాత మిగతా కాలేజీలకూ పాకి కేఓడబ్ల్యూఎల్ అయింది. ఆ అక్షరాలు కలిపి చదివితే గుడ్లగూబ, రైస్ జట్ల చిహ్నం. ఎఫ్‌ఎం లైసెన్సుకు వెళ్లేసరికి ఆ పేరు అప్పటికే వేరే ఊళ్లోని స్టేషన్‌కు ఉంది. అలా కేటీఆర్‌యూ వచ్చింది. మొదటి కే మాత్రం వాళ్ల ఇష్టం కాదు. మిసిసిపీ నదికి పడమటనున్న స్టేషన్లకు కే, తూర్పున డబ్ల్యూ అని, అమెరికాలో రేడియో లైసెన్సులిచ్చే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ పెట్టుకున్న పద్ధతి.

1971లో 91.7 మెగాహెర్ట్జ్ మీద, 10 వాట్లతో కేటీఆర్‌యూ ఎఫ్‌ఎం అయింది. ఈ 10 వాట్ల సంగతి కొంత చెప్పాలి. 1948లో కమిషన్ విద్యాసంస్థల కోసం క్లాస్ డి అని ఒక తరగతి తెరిచింది. అసలు ట్రాన్స్‌మిటర్‌లో సిగ్నల్ పుట్టే చిన్న భాగం, ఎక్సయిటర్, ఇచ్చే శక్తే దాదాపు 10 వాట్లు. దాని వెనక పెద్ద యాంప్లిఫయర్ కొనక్కర్లేకుండా నేరుగా యాంటెన్నాకు కలిపేయవచ్చు. 30 మీటర్ల ఎత్తులో యాంటెన్నా ఉంటే చుట్టూ 3 కిలోమీటర్ల దాకా శుభ్రంగా వినిపిస్తుంది. క్యాంపస్‌కు అది చాలు. ఈ ఒక్క వెసులుబాటుతో దేశమంతటా వందల కాలేజీలు ఎఫ్‌ఎంలోకి వచ్చాయి.

1978లో తలుపు మూసుకుంది. చిన్న స్టేషన్లు డయల్‌లో చోటు తినేస్తున్నాయన్నది పెద్ద పబ్లిక్ రేడియోల ఫిర్యాదు. 100 వాట్లకు పెరగండి, లేదంటే మీ సిగ్నల్‌కు రక్షణ ఉండదు, ఎవరైనా పెద్దవాళ్లొస్తే పక్కకు జరగాలి అని కమిషన్ తేల్చింది. కేటీఆర్‌యూ అప్పటికే 10 వాట్లు దాటింది, తర్వాత 650కి వచ్చింది.

ఇక్కడ ఎఫ్‌ఎం లెక్క ఒకటి గుర్తుంచుకోండి. వాట్లు నాలుగింతలైతే సిగ్నల్ బలం రెండింతలే. ఎత్తు కథ వేరు. కంటిచూపు గీత దాటాక ఎఫ్‌ఎం త్వరగా చచ్చిపోతుంది. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. 30 మీటర్లకు 22.5 కిలోమీటర్లు, 150 మీటర్లకు 50. డబ్బులుంటే ముందు టవరు మీద పెట్టమని ఏ ఇంజనీరైనా చెప్పేది ఇందుకే.

650 వాట్ల స్టేషన్ 1991లో ఒక్కసారిగా 50,000 వాట్లయింది. విద్యార్థులు చందాలు పోగుచేసి కాదు. 92.1 మీద ఉన్న కేఆర్‌టీఎస్ అనే వాణిజ్య క్లాసికల్ స్టేషన్ తన పరిధి పెంచుకోవాలనుకుంది. ఎఫ్‌ఎంలో స్టేషన్ల మధ్య అడుగు 0.2 మెగాహెర్ట్జ్. 91.7 నుంచి 92.1కి రెండే అడుగులు. ఇంత దగ్గరి ఫ్రీక్వెన్సీలో బలమైన స్టేషన్, దాని పరిధి మధ్యలో బలహీనమైన స్టేషన్ ఉంటే, బలహీనమైనదాని శ్రోతలు పెద్దదాని టవరు చుట్టుపక్కల ఏమీ వినలేరు. కాబట్టి కేటీఆర్‌యూ ఉన్నచోట ఉండగా కేఆర్‌టీఎస్ పెరగలేదు. పరిష్కారంగా కేటీఆర్‌యూకు నగరానికి ఉత్తరాన హంబుల్ దగ్గర కొత్త ట్రాన్స్‌మిటర్ సమకూర్చి పెట్టారు. ఇద్దరి అవసరమూ తీరింది.

విద్యార్థుల స్టేషన్‌కు 50 కిలోవాట్లు! అంత పెద్ద నగరమంతా వినిపించే స్థాయి. బేరం బాగుందనే ఎవరైనా అంటారు. నా ఉద్దేశంలో మాత్రం స్టేషన్ మెడకు ఉచ్చు పడింది అప్పుడే. 650 వాట్ల లైసెన్సును కొనడానికి ఎవరూ రారు. అమెరికాలోని అతిపెద్ద నగరాల్లో ఒకదాన్ని కప్పేసే 50,000 వాట్ల లైసెన్సుకు లక్షల డాలర్ల ధర. ఆ ధర వచ్చింది విద్యార్థుల ఖాతాలోకి కాదు, లైసెన్సు ఎవరి పేరున ఉందో ఆ రైస్ యూనివర్సిటీ ఆస్తి పట్టీలోకి.

పని కూడా మారుతుంది. ట్రాన్స్‌మిటర్ స్టూడియో పక్కన ఉంటే మీటర్లు చూడటానికి లేచి వెళితే చాలు. 30 కిలోమీటర్లకు పైగా అవతల ఉంటే ఆడియో పంపడానికి లింకు, దూరం నుంచి ఆపి వేయడానికి రిమోట్ కంట్రోలు, టవరు దీపాలు ఆరిపోతే తెలిసే ఏర్పాటు, అన్నీ కావాలి. ఇలాంటి లింకులకు అమెరికాలో వాడుకలో ఉన్నది 950 మెగాహెర్ట్జ్ ప్రాంతం. అటువంటి లింకు 35 కిలోమీటర్లు పోవాలంటే రెండు కొనల మధ్య గీత ఖాళీగా ఉంటే సరిపోదు. దారి మధ్యలో ఆ గీత చుట్టూ 50 మీటర్లకు పైగా వ్యాసార్ధంలో చాలా భాగం ఖాళీగా ఉండాలి. రైస్ నుంచి హంబుల్ వైపు గీత గీస్తే అది పోయేది హ్యూస్టన్ డౌన్‌టౌన్, అంటే ఆకాశహర్మ్యాల గుంపు, పక్క నుంచే.

స్టూడియోలో నేర్పే పని మాత్రం ఏ కాలేజీ స్టేషన్‌లోనైనా ఒకటే. గంట మారే సమయానికి పాటల మధ్య విరామం దొరకగానే కాల్ అక్షరాలు (కేటీఆర్‌యూ లాంటి స్టేషన్ పేరు), వెంటనే ఊరి పేరు చెప్పాలి. ఆ రెంటి మధ్య వేరే మాటలు ఇరికించకూడదు, ఫ్రీక్వెన్సీ లాంటి ఒకటి రెండు వివరాలకే సెలవుంది. ఎల్‌పీ (గ్రామఫోన్ రికార్డు) వేసేటప్పుడు సూదిని పాట మొదటి శబ్దం మీద పెట్టి, అక్కణ్నుంచి రికార్డును పావు చుట్టు వెనక్కి తిప్పి ఆపాలి. 33⅓ వేగంలో ఒక చుట్టు 1.8 సెకన్లు. పావు చుట్టంటే అర సెకను లోపు. మంచి డైరెక్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్‌కు వేగం అందుకోవడానికి దాదాపు అంత చాలు. పాత రబ్బరు చక్రం రకానికి అర చుట్టు ఇవ్వాలి. తక్కువిస్తే పాట సాగదీసినట్టు మూలుగుతూ మొదలవుతుంది. ఎక్కువిస్తే నిశ్శబ్దం. కొత్త డీజేలు మైకు తెరిచే ఉంచి పక్కవాడితో మాట్లాడటం, ఒక పాట నడుస్తుండగా తర్వాతి పాటను వెతుకుతూ దాన్నే గాలిలోకి వదలడం, ఇవి ప్రతి సెమిస్టర్ మొదట్లో జరిగేవే.

ఇంతకన్నా పెద్ద లోపం ఒకటుంది. నాలుగేళ్లకోసారి అందరూ వెళ్లిపోతారు. ఏ కేబుల్ ఎందుకు అలా వేశారో, ఏ ఒప్పందం ఎవరితో ఏ మాట మీద కుదిరిందో తెలిసినవాళ్లు ఉండరు. యాజమాన్యం మాత్రం అక్కడే ఉంటుంది.

యాజమాన్యానికీ స్టేషన్‌కూ మొదటి పెద్ద గొడవ 2000 నవంబరు చివర్లో వచ్చింది. యూనివర్సిటీ జట్ల ఆటల ప్రసారాలు పెంచాలన్న ఒత్తిడి మీద డీజేలు మండిపడుతున్నారు. ఒక బాస్కెట్‌బాల్ ప్రసారం నడుస్తుండగా దాని మీదే పాటలు కలిపి వదిలారు. యాజమాన్యం స్టూడియోకు తాళం వేసింది. నిరసనలు, చర్చల తర్వాత డిసెంబరులో తెరిచారు. తాళం ఎవరి చేతిలో ఉందో ఆ వారంలో అందరికీ తెలిసింది. లైసెన్సు సంగతి మాత్రం ఎవరూ కదపలేదు.

2010 ఆగస్టులో, విద్యార్థులు ఇంకా వేసవి సెలవుల్లో ఉండగా, కేటీఆర్‌యూ లైసెన్సునూ ట్రాన్స్‌మిటర్‌నూ 95 లక్షల డాలర్లకు యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్‌కు అమ్ముతున్నట్టు రైస్ ప్రకటించింది. బేరం అప్పటిదాకా గుట్టుగా సాగింది. ఇప్పుడంతా ఇంటర్నెట్‌లో వింటున్నారు, టవరు వాడకం తగ్గింది అన్నది యాజమాన్యం వాదన. వాదనలో కొంత నిజముంది. కానీ విద్యార్థుల స్టేషన్ గురించి విద్యార్థులకు చెప్పకుండా బేరం పెట్టడానికి అది కారణం కాదు.

స్టేషన్ మద్దతుదారులు కమిషన్ ముందు అభ్యంతరం దాఖలు చేశారు. గెలవడం కష్టమని మొదటి నుంచీ తెలుసు. కారణం 1981 నాటి సుప్రీంకోర్టు తీర్పు. న్యూయార్కులో డబ్ల్యూఎన్‌సీఎన్ అనే క్లాసికల్ స్టేషన్ శ్రోతల సంఘం వేసిన కేసు అది. స్టేషన్ చేతులు మారేటప్పుడు ఏ రకం కార్యక్రమాలు పోతాయో, ఏవి వస్తాయో కమిషన్ తూచనక్కర్లేదు, ఆ పని మార్కెట్‌కు వదిలేయవచ్చు అని కోర్టు ఒప్పుకుంది. కాబట్టి ఇలాంటి సంగీతం ఈ ఊళ్లో ఇంకెక్కడా దొరకదు అన్న మాట ఎంత నిజమైనా కమిషన్ దగ్గర చెల్లదు. కొనేవాడికి అర్హత ఉందా, కాగితాలు సరిగ్గా ఉన్నాయా, అంతే. 2011 ఏప్రిల్‌లో అనుమతి వచ్చింది. ఆ నెలాఖరుకు 91.7 మీద కేటీఆర్‌యూ ఆగి కేయూహెచ్‌ఏ అనే క్లాసికల్ స్టేషన్ మొదలైంది. ఆ తర్వాత యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్ కూడా దాన్ని ఉంచుకోలేదు. 2016లో క్రైస్తవ సంగీతం వేసే కేఎస్‌బీజే సంస్థకు కోటి డాలర్లకు అమ్మేసింది.

అయితే లైసెన్సు విద్యార్థుల చేతిలో ఉంటే సరిపోయేదా? బ్రౌన్‌లో ఉంది. అక్కడి డబ్ల్యూబీఆర్‌యూ 1966 నుంచి 95.5 మీద, వాణిజ్య లైసెన్సుతో నడిచింది. యజమాని యూనివర్సిటీ కాదు, బ్రౌన్ బ్రాడ్‌కాస్టింగ్ సర్వీస్ అనే విడి సంస్థ. 2017లో ఆ సంస్థే ఓటేసి 56.3 లక్షల డాలర్లకు అమ్ముకుంది. కొన్నది మరో క్రైస్తవ సంగీత నెట్‌వర్క్. అంతకు ఎనభై ఏళ్ల ముందు హాస్టల్ తీగలతో మొదలైన స్టేషన్ తిరిగి ఇంటర్నెట్ తీగ మీదికే వెళ్లింది. తేడా అల్లా నిర్ణయం ఎవరిదన్నదే. బ్రౌన్‌లో ఆ డబ్బు సంస్థ దగ్గరే ఉండిపోయింది.

అమ్మకానికి లైసెన్సే కానక్కర్లేదు, పేరు కూడా అమ్ముడుపోతుంది. ఎంఐటీ విద్యార్థుల స్టేషన్ పేరు డబ్ల్యూటీబీఎస్. టీవీ వ్యాపారి టెడ్ టర్నర్‌కు తన చానల్ కోసం ఆ అక్షరాలు కావాల్సి వచ్చాయి. కాల్ అక్షరాలను నేరుగా అమ్మకూడదు కాబట్టి విరాళం రూపంలో మొత్తం 50,000 డాలర్లు ఇచ్చాడు. 1979లో స్టేషన్ డబ్ల్యూఎంబీఆర్ అయింది. ఈ మొత్తం చరిత్రలో విద్యార్థులకు లాభసాటిగా తేలిన బేరం నాకు తెలిసి ఇదొక్కటే.

రైస్‌కు వద్దాం. టవరు పోయాక కేటీఆర్‌యూ ఇంటర్నెట్‌లోనూ, 90.1లోని కేపీఎఫ్‌టీ స్టేషన్ ఇచ్చిన హెచ్‌డీ, అంటే డిజిటల్, ఉపచానల్‌లోనూ నడిచింది. హెచ్‌డీ రేడియో సెట్టు ఉన్నవాళ్లు తక్కువ, కాబట్టి అది పేరుకే. అసలు దారి తెరిచింది 2011 జనవరిలో చట్టమైన లోకల్ కమ్యూనిటీ రేడియో యాక్ట్. లో పవర్ ఎఫ్‌ఎం అనే చిన్న తరగతి 2000 నుంచే ఉన్నా పెద్ద నగరాల్లో దానికి ఖాళీ దొరికేది కాదు. మూడో పక్క చానల్‌కు, అంటే మూడు అడుగుల (0.6 మెగాహెర్ట్జ్) అవతలి స్టేషన్‌కు, దూరం పాటించాలన్న షరతును ఈ చట్టం తీసేసింది. రెండో పక్క చానల్ విషయంలో, నష్టం లేదని చూపితే మినహాయింపు ఇస్తామంది.

రైస్‌కు దొరికిన కొత్త ఫ్రీక్వెన్సీ 96.1. దానికి రెండో పక్కన 95.7, 96.5 ఉన్నాయి. రెండూ హ్యూస్టన్ పెద్ద స్టేషన్లే. నష్టం లేదని ఎలా చూపుతారు? పెద్ద స్టేషన్ సిగ్నల్ కన్నా చిన్నది 40 డెసిబెల్స్, అంటే వందరెట్లు బలంగా ఉన్నచోటే అంతరాయం కింద లెక్క. యాంటెన్నా పెట్టేచోట పెద్ద స్టేషన్ సిగ్నల్ మీటరుకు 100 మిల్లీవోల్టులు ఉందనుకోండి. 100 వాట్ల చిన్న స్టేషన్ సిగ్నల్ దానికి వందరెట్లు, అంటే 10 వోల్టులు, ఉండేది యాంటెన్నా నుంచి 7 మీటర్ల లోపే. ఆ 7 మీటర్ల గోళంలో మనుషులుండే గదులేవీ లేవని చూపిస్తే పని అయినట్టే. ఇందులో తమాషా ఏమిటంటే పెద్ద స్టేషన్ టవరుకు ఎంత దగ్గరగా ఉంటే అంతరాయపు గోళం అంత చిన్నదవుతుంది. దూరంగా, దాని సిగ్నల్ పలచబడ్డచోట పెడితేనే చిక్కు. రైస్ తన యాంటెన్నాను క్యాంపస్‌లోని ఫుట్‌బాల్ స్టేడియం మీద పెట్టింది. ఎత్తుంది, పైన ఎవరూ కాపురముండరు.

2015 అక్టోబరులో 96.1 మీద స్టేషన్ తిరిగి గాలిలోకి వచ్చింది, ఈసారి కేటీఆర్‌యూ-ఎల్‌పీ (ఇక్కడ ఎల్‌పీ అంటే లో పవర్). ఈ తరగతికి పరిమితి 100 వాట్లు, 30 మీటర్లు. శుభ్రంగా వినిపించేది 5.6 కిలోమీటర్ల వరకు.

ఈ 100 వాట్లు, 30 మీటర్లు అన్న అంకెలు మన దగ్గర క్యాంపస్ రేడియో నడిపేవాళ్లకు బాగా తెలిసినవే. 2002 చివర్లో కేంద్రం విద్యాసంస్థలకు అనుమతిచ్చాక, 2004 ఫిబ్రవరిలో చెన్నై అన్నా విశ్వవిద్యాలయంలో అన్నా ఎఫ్‌ఎం మొదలైంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 90.4 మీద బోల్ హైదరాబాద్ ఉంది. ఇక్కడ కూడా అనుమతి పత్రం సంస్థ పేరునే ఉంటుంది, విద్యార్థుల పేరున కాదు. పైగా సొంత వార్తలు చదవకూడదన్న షరతు ఒకటి. ఆకాశవాణి వార్తలు మాత్రం యథాతథంగా వేసుకోవచ్చు. క్యాంపస్‌లో స్టేషన్ పెట్టే ఆలోచన ఉన్న విద్యార్థి సంఘాలు మైకుల ధరలు కనుక్కునే ముందు యూనివర్సిటీతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవడం మంచిది. కార్యక్రమాల మీద మాట ఎవరిది, మూసేయాలన్నా చేతులు మార్చాలన్నా ఎన్ని నెలల ముందు చెప్పాలి, సెలవుల్లో నోటీసిస్తే చెల్లుతుందా అన్నవి అందులో ఉండాలి. మూడోది వెటకారానికి అనడం లేదు.

రైస్‌లో కొత్త లైసెన్సు కూడా యూనివర్సిటీ పేరునే ఉంది. కానీ లో పవర్ తరగతిలో ఒక నియమముంది: లైసెన్సు చేతులు మారితే పుచ్చుకోగలిగేది పరికరాలకు అరుగుదల పోను మిగిలే విలువ వరకే. స్టేడియం మీది యాంటెన్నా, కేబులు, చిన్న ట్రాన్స్‌మిటరు, ఇంకొన్ని పెట్టెలు, వాటికి పాత సామాను ధర.